భయపడాల్సింది శకునికి కాదు, పెదనాన్నకి

మన సీరియళ్ళూ పాత సినిమాలూ కలిసి మోసగాడంటే ఎలా ఉంటాడో మన బుర్రల్లో ఒక బొమ్మ గీసి పెట్టేశాయి. కొంచెం కుంటుతూ నడుస్తాడు, ఒక కన్ను చికిలించి చూస్తాడు, అరచేతిలో పాచికలు గలగలలాడిస్తాడు, తెర మీదికి వచ్చాడంటే వెనక మ్యూజిక్ కూడా మారిపోతుంది. అలాంటి మనిషిని చూస్తే పసిపిల్ల కూడా జాగ్రత్త పడుతుంది. మన ఇళ్ళకి ఆ వేషంలో ఎవరొస్తారు చెప్పండి? పెద్దమనిషిలా వస్తారు, మన పెళ్ళిలో ముందుండి పనులన్నీ చూసుకున్నవాళ్ళే వస్తారు, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ "నువ్వు తప్ప నాకెవరున్నారు" అంటూ వస్తారు. భారతంలో ఆ పాత్ర ధృతరాష్ట్రుడిది. శకుని పాచికలు వేశాడంతే. ఆ పాచికల దగ్గరికి ధర్మరాజుని ఒకసారి కాదు, రెండుసార్లు రప్పించింది పెదనాన్న.

ఈ మధ్య ఇలాంటి మనుషులతో ఎలా నెగ్గుకురావాలన్నదాని మీద రెండు రకాల సలహాలు విని విని విసుగొచ్చేసింది. ఒకటి రీల్స్‌లో దొరికేది. 'టాక్సిక్' అని ముద్ర వెయ్యి, నంబరు బ్లాక్ చెయ్యి, నీ ప్రశాంతత నువ్వు చూసుకో. మెట్రోలో పక్క సీటు అమ్మాయి ఫోన్లోంచి అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ఇదే వినిపిస్తుంటుంది, ఇయర్‌ఫోన్స్ ఎందుకు పెట్టుకోరో నాకు తెలీదు. రెండోది ఇంట్లో పెద్దవాళ్ళది. సర్దుకుపోవాలమ్మా, ధర్మరాజు ఎంత ఓర్చుకున్నాడు, రాముడు ఎంత ఓర్చుకున్నాడు. మొదటి సలహా ఇచ్చేవాళ్ళకి మన కుటుంబాల సంగతి తెలీదు. రెండోది ఇచ్చేవాళ్ళు భారతం చివరిదాకా చదవలేదు, లేదా చదివి మనకి పనికొచ్చే ముక్క దాచేస్తున్నారు. మనం సర్దుకుపోతే లాభపడేది కూడా చాలాసార్లు వాళ్ళే, అది వేరే సంగతి.

నేను పండితురాల్ని కాను. బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేస్తాను. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు కవిత్రయ భారతానికి తాత్పర్యాలతో వేసిన సంపుటాలు మా నాన్నగారి బీరువాలో ఉండేవి, ఇప్పుడు నా బీరువాలో ఉన్నాయి. పద్యం కొరుకుడు పడనిచోట వ్యాసభారతానికి వచనం చూసుకుంటాను. ఏళ్ళ తరబడి పగలు షూరిటీ సంతకాలు పెట్టించి రాత్రి సభాపర్వం చదివితే ఎవరికైనా నాకొచ్చిన అనుమానమే వస్తుంది. ఇలాంటివాళ్ళు మన బలహీనత కోసం వెతకరు. మనకి మంచి పేరు ఎందులో ఉందో కనుక్కుని, ఆ పేరునే పట్టుకుంటారు.

కొన్నాళ్ళ కిందట ఒక రిటైర్డ్ మాస్టారు మా బ్రాంచికి వచ్చారు. పక్కన తోడల్లుడి కొడుకు, ఏదో వ్యాపారం పెడుతున్నాడు, లోనుకి ఈయన షూరిటీ. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. కాగితాలు ముందు పెడితే ఒక్కో పేజీ తిప్పుతూ "ఇది ఫార్మాలిటీయే కదా అమ్మా" అని అడిగారు. కాదండీ, అని చెప్పాను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో షూరిటీ బాధ్యత అంతే. అతను కట్టకపోతే బ్యాంకు అతన్ని పక్కన పెట్టి నేరుగా మీ దగ్గరికి రావచ్చు, మీ సిబిల్ స్కోరు మీద కూడా పడుతుంది, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి అన్నాను. ఆ అబ్బాయి నవ్వాడు. "మేడమ్ గారు రూల్ ప్రకారం చెప్పాలి కాబట్టి చెప్తున్నారు బాబాయ్. మీకు ఇష్టం లేకపోతే వద్దు, నేనేమీ అనుకోను. కాకపోతే అమ్మకి ఏం చెప్పాలో తెలీట్లేదు. మొన్న నాగోల్‌లో చెల్లి నిశ్చితార్థంలో మీరు అందరి ముందూ సరేనన్నారని చుట్టాలందరికీ చెప్పుకుంది." మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ళకి పైగా పిల్లలకి మాట తప్పొద్దని పాఠం చెప్పిన నోరమ్మా ఇది, అన్నారు నాతో. సంతకం పెట్టేశారు.

తర్వాత ఈఎంఐలు ఆగిపోయాయి. నోటీసులు ఇద్దరికీ వెళ్ళాయి, తీసుకున్నది మాత్రం మాస్టారు ఒక్కరే. ఎందుకంటే ఇచ్చిన అడ్రసులో దొరికే మనిషి ఆయనే.

ఆ అబ్బాయి మాటలు ఒకసారి మళ్ళీ చదవండి. ఒక్క అబద్ధం లేదు. ఒత్తిడి చేసిన దాఖలా కూడా లేదు, పైగా "వద్దంటే వద్దు" అన్నాడు. ఫంక్షన్ హాల్లో, నలుగురిలో, కాగితం చూపించకుండా, ఎంత లోనో చెప్పకుండా ముందు సరే అనిపించుకున్నాడు చూశారా, అక్కడే పని అయిపోయింది. అయోధ్యకాండలో కైక చేసింది ఇదే. కోపగృహంలో నేల మీద పడుకుని, వరాలేంటో చెప్పకముందే దశరథుడి చేత రాముడి మీద ఒట్టు వేయించుకుంది. ఆయన ఒట్టు వేశాకే రెండు వరాలూ బయటపెట్టింది. రఘువంశంలో పుట్టినవాడికి మాట తప్పడు అన్న పేరే కదా ఆస్తి, ఆ ఆస్తి మీదే వేటు వేసింది. అడిగేది ఏంటో చెప్పకుండా "ముందు నువ్వు సరే అను" అనేవాళ్ళ దగ్గర, వాళ్ళు ఎంత దగ్గరివాళ్ళైనా సరే, నవ్వుతూ "ముందు విషయం చెప్పండి" అనడం నేర్చుకోవాలి. మొదటిసారి నోరు పెగలదు, నిజమే. రెండోసారికి అలవాటవుతుంది.

సరే, ధృతరాష్ట్రుడి దగ్గరికి వద్దాం. మొదటి జూదానికి పిలిచినప్పుడు ఆయన నేరుగా జూదానికి రమ్మని పిలవలేదు. కొత్త సభ కట్టించాను, తమ్ముళ్ళతో వచ్చి చూడు, స్నేహంగా నాలుగు పందేలు ఆడుకుందురుగాని అని కబురు. ఆ కబురు పట్టుకెళ్ళడానికి ఎవర్ని పంపాడు? విదురుణ్ణి. ధర్మరాజు నమ్మే ఒకే ఒక్క మనిషిని. విదురుడు ఇష్టం లేకుండానే వెళ్ళాడు, ఆ సంగతి దాచలేదు కూడా. జూదం కలహానికి మూలమని ధర్మరాజే అన్నాడు, అక్కడ ఆడేవాళ్ళెవరని అడిగి శకుని ఉన్నాడని విని మరీ బయల్దేరాడు. పిలిస్తే వెనక్కి తగ్గనన్నది ఆయన నియమం, పెదనాన్న మాట కాదనడన్నది ఆయన పేరు. తెలిసే వెళ్ళాడు. మనం కూడా తొంభై పాళ్ళు తెలిసే వెళ్తాం, తర్వాత "నాకేం తెలుసు" అంటాం.

జూదం సాగుతుంటే ఈ పెద్దాయన ఏం చేస్తున్నాడు? ద్రౌపదిని పణంగా పెట్టిన క్షణంలో సభలో పెద్దలంతా ఛీఛీ అంటున్నారు, భీష్మద్రోణులకి చెమటలు పడుతున్నాయి, విదురుడు తల పట్టుకుని కూర్చున్నాడు. ఈయన మాత్రం ముఖంలో సంతోషం దాచుకోలేక "గెలిచామా? గెలిచామా?" అని పదే పదే అడుగుతున్నాడు. వ్యాసుడు ఈ ఒక్క శ్లోకం రాయకపోతే ధృతరాష్ట్రుణ్ణి మనం ఇంకా కొడుకు మీద ప్రేమతో గుడ్డివాడైన పాపం పెద్దాయన అనే అనుకుంటూ ఉండేవాళ్ళం. ఎవరి విషయంలోనైనా ఇలాంటి క్షణం ఒకటి దొరుకుతుంది, వాళ్ళ ఏడుపు మధ్యలో లెక్క ఒక్కసారి బయటపడుతుంది. దాన్ని చూసినవాళ్ళు మర్చిపోకూడదు. మనం చేసేది ఏంటంటే, చూసి కూడా, ఛ, నేనే తప్పుగా అనుకున్నానేమో అని మనల్ని మనమే తిట్టుకుంటాం.

అంతా అయ్యాక ద్రౌపదికి వరాలిచ్చి, రాజ్యం తిరిగి ఇచ్చేసి, ధర్మరాజుని ఇంద్రప్రస్థానికి పంపుతూ ఆయన చెప్పిన మాటలు అసలు సిసలైన నమూనా. నాయనా, నువ్వు తెలివైనవాడివి, పెద్దల్ని సేవించినవాడివి. ఉత్తములు వైరం గుర్తుపెట్టుకోరు, మంచే గుర్తుపెట్టుకుంటారు. దుర్యోధనుడి కఠినపు మాటలు మనసులో పెట్టుకోకు. నీ తల్లి గాంధారిని చూడు, గుడ్డివాణ్ణి, ముసలివాణ్ణి, నీ తండ్రిలాంటివాణ్ణి, నన్ను చూడు. ఇదీ సారాంశం. నిండు సభలో ఒక ఆడదాని చీర లాగిన రోజున, ఆ నేరం జరిగిన ఇంటి యజమాని, నేరం గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా, బాధితుడి గొప్పతనాన్ని పొగిడి, చివర్లో తన అంధత్వాన్ని ముందు పెట్టాడు. తప్పు చేసినవాడి ఖాతాలో ఏమీ రాయలేదు. ఉత్తముడిగా ఉండాల్సిన బాధ్యత మొత్తం నష్టపోయినవాడి ఖాతాలో పడింది. ధర్మరాజు ఇంకా దారిలో ఉండగానే మళ్ళీ కబురొచ్చింది, ఇంకొక్క ఆట. గాంధారి వద్దని మొత్తుకుంది. వంశం నాశనమైతే అవనీ, నేను ఆపలేను, వాళ్ళు వెనక్కి వచ్చి ఆడనీ అన్నాడాయన. ధర్మరాజు వెనక్కి తిరిగి వచ్చాడు. పన్నెండేళ్ళు అరణ్యం, ఒక ఏడు అజ్ఞాతం.

మొదటి జూదానికి ధర్మరాజుని ఎవరైనా క్షమిస్తారు. రెండోదానికి నేను క్షమించలేను, ఆయన ఎంత ధర్మపుత్రుడైనా సరే. అదే సభ, అవే పాచికలు, అదే ఆటగాడు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ధృతరాష్ట్రుడి ఏడుపు దొంగ ఏడుపా? నా లెక్కలో కాదు. ఉద్యోగపర్వంలో ఒక రాత్రంతా నిద్రపట్టక విదురుణ్ణి పిలిపించుకుంటాడు. నిద్రపట్టనిది ఎవరికయ్యా అంటే, బలవంతుడితో తగాదా పెట్టుకున్న బలహీనుడికి, సొమ్ము పోగొట్టుకున్నవాడికి, కాముకుడికి, దొంగకి అంటాడు విదురుడు, వీటిలో నీదేదైనా కాదు కదా అని సున్నితంగా అడుగుతాడు. ఎనిమిది అధ్యాయాల నీతి ఓపిగ్గా వింటాడు ధృతరాష్ట్రుడు. అంతా విని చివరికి ఏమంటాడు? నువ్వు చెప్పింది నిజమే, నా మనసు కూడా పాండవుల వైపే మొగ్గుతుంది, కానీ దుర్యోధనుడు ఎదురుపడగానే తిరిగిపోతుంది, విధిని ఎవరు దాటగలరు. అంటే పశ్చాత్తాపం నిజమే. ప్రతి రాత్రీ నిజమే. తెల్లారేసరికి పనికిరాకుండా పోతుంది, అంతే. కాబట్టి వాళ్ళ మనసు మారిందా లేదా అని పరిశోధన చేస్తూ కూర్చోవడం శుద్ధ దండగ. మారే ఉంటుంది. రేపు మళ్ళీ మారుతుంది. మన పని వాళ్ళు అడుగుతున్నది ఏంటో చూడటం.

సంజయ రాయబారం దీనికి మంచి పాఠం. అరణ్యవాసం, అజ్ఞాతవాసం అన్నీ అయిపోయాయి, షరతులన్నీ తీరాయి, పాండవులు తమ భాగం అడుగుతున్నారు. ధృతరాష్ట్రుడు సంజయుణ్ణి పంపాడు. క్షేమసమాచారాలు, ఆశీర్వాదాలు, యుద్ధం ఎంత పాపమో అన్న ఉపన్యాసం, అన్నీ ఉన్నాయి, రాజ్యం ఇస్తానన్న మాట తప్ప. పైగా సంజయుడి నోట ఒక మాట వస్తుంది: కౌరవులు యుద్ధం లేకుండా నీ భాగం ఇవ్వకపోతే, యుద్ధం చేసి రాజ్యం తీసుకోవడం కంటే, అంధక వృష్ణుల దేశంలో బిచ్చమెత్తుకుని బతకడం నీకు మేలని నా అభిప్రాయం. చదువుతుంటే ఒళ్ళు మండిపోతుంది. దోచుకున్నవాడి ఇంటి నుంచి వచ్చి, దోపిడీకి గురైనవాడికి బిచ్చమెత్తుకోమని ధర్మం చెప్పడం! కృష్ణుడు కూడా అక్కడే పట్టుకున్నాడు, ఈ ధర్మాలన్నీ ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చిన రోజున ఎక్కడికి పోయాయని.

ధర్మరాజు జవాబు నాకు బాగా నచ్చుతుంది, రెండో జూదానికి వెళ్ళిన మనిషేనా ఈయన అనిపిస్తుంది. తిట్టలేదు, పాత సంగతులు గుర్తుచేసినా అవన్నీ ఓర్చుకున్నామనే అన్నాడు. అందరి క్షేమం పేరుపేరునా అడగమన్నాడు. తర్వాత లెక్క చెప్పాడు. నా ఇంద్రప్రస్థం నాకివ్వండి, లేదా అయిదు ఊళ్ళివ్వండి. అవిస్థలం, వృకస్థలం, మాకంది, వారణావతం, అయిదోది మీ ఇష్టం. శాంతికీ సిద్ధమే, యుద్ధానికీ సిద్ధమే, మెత్తగానూ ఉండగలను, కఠినంగానూ ఉండగలను. ఊళ్ళ పేర్లు చెప్పడంలోనే అంతా ఉంది. పేరు చెప్పాక అవతలివాడు కన్నీళ్ళతో దాటవేయలేడు, అవునో కాదో చెప్పాల్సిందే. వారణావతం అంటే లక్క ఇల్లు కట్టిన ఊరు, తమని తగలబెట్టాలని చూసిన ఊరు. దాన్నే అడిగాడు. అది ధర్మరాజు చమత్కారమో వ్యాసుడి చమత్కారమో గానీ, ఆ పేరు సభలో చదివినప్పుడు దుర్యోధనుడి ముఖం చూడాలని ఉంటుంది నాకు.

మా బ్రాంచిలో పనిచేసే ఒకావిడకి ఇబ్రహీంపట్నం వైపు నాన్న తాలూకు భూమి ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు రాకముందు ఆ భూమి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవారు కాదట. ఇప్పుడు అన్నయ్య రోజూ ఫోన్. ఒకసారి స్పీకర్లో పెట్టి వినిపించింది. "చెల్లే, ఎమ్మార్వో ఆఫీసుల స్లాట్ బుక్ చేసిన. వచ్చి ఒక్క సంతకం పెట్టిపో. మీ వదిన నీకు పట్టుచీర గూడ కొని పెట్టింది. నువ్వు ఆస్తికి ఆశపడే దానివి గాదని నాకు తెల్వదా, నాయిన పేరు నిలబెట్టే పిల్లవు నువ్వు." ఇదిగో, మళ్ళీ మంచి పేరు. ఆస్తి అడగని ఆడపిల్ల మంచి ఆడపిల్ల, ఆ సర్టిఫికెట్ ముందే చేతిలో పెట్టేస్తారు, ఇంక దాన్ని పోగొట్టుకోవడానికి మనకే మనసొప్పదు. చట్టమేమో ఎప్పట్నుంచో ఆడపిల్ల వైపే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతోనే పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది, 2005లో కేంద్ర చట్టం దాన్ని దేశమంతటికీ, పెళ్ళైనవాళ్ళకీ తెచ్చింది, ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న మెలిక కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. చట్టం ఉన్నా చీర ముందు ఓడిపోతుంటుంది.

ఆవిడ ఏం చేసిందంటే, ఫోన్లో వాదించడం మానేసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది. అన్నా, నాకు ఒక ఎకరం కావాలి, రోడ్డు వైపు కాకపోయినా పరవాలేదు, అది నా పేరు మీద అయిన రోజే మిగతాదానికి సంతకం పెడతా, వదినకి చీర బాగుందని చెప్పు. అంతే. మేనత్త ఫోన్ చేసింది, ఏడ్చింది. మెసేజ్ చూడు అత్తా అంది. పిన్ని చేసింది, డబ్బు మనిషివి అయిపోయావంది. మెసేజ్ చూడు పిన్నీ అంది. వివరణ ఇచ్చుకోలేదు, తన పిల్లల చదువుల ఖర్చు చెప్పుకోలేదు, అన్నయ్య చేసిన తప్పులు తవ్వలేదు. మనం ఇచ్చే ప్రతి కారణం వాళ్ళకి పట్టుకోవడానికి ఒక పిలకలాంటిది, కారణం చెప్పావంటే దాని మీద బేరం మొదలవుతుంది. ఆ స్లాట్ అయితే క్యాన్సిల్ అయింది. భూమి సంగతి ఇంకా తేలలేదు, తేలుతుందో లేదో కూడా చెప్పలేను.

విదురనీతిలోనే ఒక మాటుంది, చాలామంది దీన్ని స్టేటస్‌లో పెట్టుకుంటారు: మాయ చేసేవాడితో మాయగానే ఉండాలి, మంచివాడితో మంచిగా ఉండాలి. విదురుడంతటివాడు చెప్పాడు కాబట్టి కాదనలేను గానీ, మనలాంటివాళ్ళకి ఇది ప్రమాదకరమైన సలహా. మాయ చేయడం కూడా ఒక పనితనమే. పుట్టినప్పట్నుంచి అదే పని చేసినవాడితో, నిన్న మొన్న మొదలుపెట్టిన మనం ఏం గెలుస్తాం? శకునితో పాచికలాడి గెలుద్దామనుకోవడమే అది. విదురుడు చెప్పిన మాట కంటే విదురుడు చేసిన పని పట్టుకోవడం మంచిదని నాకనిపిస్తుంది. వారణావతానికి బయల్దేరుతున్న ధర్మరాజుకి, పక్కనున్నవాళ్ళకి అర్థం కాని మాటల్లో హెచ్చరిక చెప్పాడు, తర్వాత నమ్మకమైన ఒక తవ్వకం పనివాణ్ణి పంపాడు. భీముడేమో ఇప్పుడే వెళ్ళిపోదాం అంటాడు. ధర్మరాజు వద్దంటాడు. మనకి తెలిసిపోయిందని దుర్యోధనుడికి తెలిస్తే ఈ నిప్పు కాకపోతే ఇంకో దారిలో చంపిస్తాడు, వాడికి పదవుంది, మనుషులున్నారు, ఖజానా ఉంది, మనకి ఏదీ లేదు. అందుకని ఏడాది పాటు ఆ లక్క ఇంట్లోనే నవ్వుతూ ఉన్నారు, పగలు వేటకి తిరుగుతూ దారులు చూసుకున్నారు, నేల కింద సొరంగం తవ్వించుకున్నారు. (చివర్లో ఆ ఇంట్లో కాలిపోయిన నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకుల మాట ఎవరూ ఎత్తరు. నేను ఎత్తుతాను. ఆ కథలో పాండవులు కడిగిన ముత్యాలేం కాదు.)

మాధాపూర్‌లో పనిచేసే మా పిన్ని కూతురు ఒక అర్ధరాత్రి ఫోన్ చేసింది. మేనేజరు "మనమంతా ఒక ఫ్యామిలీ" అంటూ శనాదివారాలు మొత్తం లాగేసుకుంటాడు, క్లయింట్ మెచ్చుకుంటే ఆయన పేరు, తప్పొస్తే దీని పేరు. పెద్ద మెయిల్ టైపు చేసింది, హెచ్చార్‌కి, పై మేనేజర్లకి అందరికీ కాపీ పెట్టి. పంపనా అక్కా అంది. డ్రాఫ్ట్‌లో ఉంచు, ముందు సొరంగం తవ్వు అన్నాను. ఎవరు ఏ పని చెప్పారో ప్రతిదీ రాతలో తెప్పించుకో, నోటితో చెబితే "మీరు చెప్పినట్టు ఈ పని చేస్తున్నాను" అని ఒక లైను తిరిగి రాయి, ఇంటర్వ్యూలు ఇస్తూ ఉండు, నోటీసు పీరియడ్ ఎంతో చూసుకో, పొద్దున గుడ్‌మార్నింగ్ మానకు. ఇది పిరికితనం అంటుంది అది. పదవీ మనుషులూ ఎదుటివాడి చేతిలో ఉన్నప్పుడు నీ మనసులో ఉన్నది వాడికి చెప్పడమంటే వాడికి సాయం చేయడమే.

శాంతిపర్వంలో ఒక ఎలుక ఉంది. పేరు పలితుడు. అంపశయ్య మీద ఉన్న భీష్ముడు, జీవితమంతా పెదనాన్న మాటలకి పడిపోయిన ఆ ధర్మరాజుకే ఈ కథ చెప్పడం నాకు ఎప్పుడూ వింతగా, కొంచెం నవ్వుగా కూడా ఉంటుంది. పెద్ద మర్రిచెట్టు, మొదట్లో కలుగులో పలితుడు, కొమ్మల మీద లోమశుడనే పిల్లి. ఒకరోజు పిల్లి వేటగాడి వలలో పడింది. ఎలుక హాయిగా వలలో ఉన్న మాంసం తింటుంటే ఒక పక్క ముంగిస, పైన కొమ్మ మీద గుడ్లగూబ తనకోసం కాచుకుని ఉండటం చూసింది. పారిపోవడానికి ఉన్న ఒకే చోటు పిల్లి ఒడి. నీ వల కొరుకుతా, నన్ను కాపాడు అని బేరం పెట్టింది. పిల్లి ఒప్పుకుంది, ఎలుక దాని పొట్టకి ఆనుకుని పడుకుంది, అది చూసి ముంగిసా గుడ్లగూబా ఆశ వదులుకుని వెళ్ళిపోయాయి. ఎలుక కొరకడం మొదలుపెట్టింది, కానీ నెమ్మదిగా. పిల్లి తొందరపెట్టింది, మాటిచ్చావు కదా, మిత్రులు ఇలాగేనా చేసేది, పాత తప్పులేవైనా ఉంటే క్షమించు అంది. ఎలుక ఏమందంటే, వేళకాని వేళ చేసిన పని ఫలితం ఇవ్వదు, నిన్ను ఇప్పుడే విడిపిస్తే నీతోనే నాకు భయం, వేటగాడు కనపడగానే చివరి తాడు కొరుకుతా, అప్పుడు నీకు చెట్టెక్కడం తప్ప ఇంకో ఆలోచన ఉండదు, నాకు కలుగు దొరుకుతుంది. అలాగే చేసింది. ఇచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకుంది, ఎప్పుడు నిలబెట్టుకోవాలో తనే నిర్ణయించుకుంది.

మాట తప్పకుండానే జాగ్రత్తపడొచ్చని ఆ మాస్టారికి ఎవరైనా ఈ కథ చెప్పి ఉంటే బాగుండేది.

కథ అక్కడ అయిపోలేదు. వేటగాడు వెళ్ళాక కొమ్మ మీంచి పిల్లి పిలుస్తుంది. మాట్లాడకుండా వెళ్ళిపోయావేం, నా ప్రాణం కాపాడావు, బయటికి రా, నేనూ మావాళ్ళూ నిన్ను పూజిస్తాం, నాకు మంత్రిగా ఉండు. చాలా తీయని మాటలు. ఎలుక తిట్టలేదు. నువ్వు మంచిదానివేనని ఒప్పుకుంది. కానీ మన స్నేహం ఒక అవసరం వల్ల పుట్టింది, ఆ అవసరం తీరింది, ఇప్పుడు నీకు ఆకలేస్తోంది, నేను నీ తిండిని, నువ్వు వదిలినా నీ పెళ్ళాం పిల్లలు వదులుతారా అంది. మేలు గుర్తుంటే, నేను ఏమరుపాటున ఉన్నప్పుడు నా వెంటపడకు, అదే చాలు. ఇంకేదైనా అడుగు ఇస్తాను, నన్ను నేను మాత్రం ఇచ్చుకోను. కలుగులోంచే చెప్పింది ఇదంతా.

అలాగని అందర్నీ బ్లాక్ చేసుకుంటూ పోవాలా అంటే, భారతం ఆ మాటా అనదు. యుద్ధం అయిపోయాక, నూరుగురు కొడుకులూ పోయాక, ధృతరాష్ట్రుడు భీముణ్ణి దగ్గరికి తీసుకుంటానన్నాడు. కృష్ణుడు భీముణ్ణి పక్కకి లాగి ఇనుప విగ్రహాన్ని ముందుకి తోశాడు. ఆయన దాన్ని నలిపి ముక్కలు చేశాడు, నోట్లోంచి రక్తం కక్కుకుని కిందపడ్డాడు, ఆ వెంటనే అయ్యో భీమా అని ఏడ్చాడు. ఇప్పటికీ మనం ధృతరాష్ట్ర కౌగిలి అంటున్నామంటే ఆ సంఘటన మనవాళ్ళ మనసుల్లో ఎంత దిగిందో చూడండి. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ మనిషినే, భీముణ్ణి నలిపేయబోయిన మనిషినే, ధర్మరాజు తన ఇంట్లో పదిహేనేళ్ళు పెట్టుకుని చూసుకున్నాడు. అంతకు ముందు ఎలాంటి భోజనం, ఎలాంటి పడక, ఎలాంటి మర్యాద ఉండేవో అన్నీ అలాగే జరిపించాడు. ఆయనకి నొప్పి కలిగించేవాడు నాకు శత్రువు అని తమ్ముళ్ళకి చెప్పాడు. రాజ్యం మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నాడు.

ముసలి తండ్రో, అత్తగారో, అన్నయ్యో ఇలాంటి మనిషి అయినప్పుడు నంబరు బ్లాక్ చేసి ప్రశాంతంగా ఉండటం మనలో చాలామందికి కుదరదు. మందులు మనమే తేవాలి, ఆసుపత్రికి మనమే తీసుకెళ్ళాలి, పండక్కి ఆ ఇంటికే వెళ్ళాలి. వెళ్ళొచ్చు. పాదాలకి దండం పెట్టొచ్చు. సంతకం, ఏటీఎం పిన్ను, ఇంటి కాగితాలు, పిల్లల ముందు మనల్ని తక్కువ చేసే హక్కు, ఇవి వాళ్ళకి వెళ్ళకూడదు. కౌగిలికి ఇనుప విగ్రహాన్ని పంపినట్టే, వాళ్ళ కోపం తీర్చుకోవడానికి వాతావరణమో, ప్రభుత్వమో, కేబుల్ బిల్లో ఏదో ఒకటి ఎదురుగా పెట్టి మనం పక్కకి తప్పుకోవచ్చు, దానిలో పాపమేం లేదు, కృష్ణుడే చేశాడు.

భీముడి సంగతి కూడా చెప్పాలి. ఆ పదిహేనేళ్ళూ ఆయన లోపల ఉడికిపోతూనే ఉన్నాడు. పెదనాన్నకి వినపడేలా జబ్బలు చరిచి, ఈ చేతులతోనే కదా గుడ్డివాడి కొడుకులందర్నీ చంపింది అనేవాడు. చివర్లో ధృతరాష్ట్రుడు అడవికి వెళ్తూ భీష్ముడికీ, చనిపోయిన కొడుకులకీ శ్రాద్ధం పెట్టడానికి ధనం అడిగితే, దుర్యోధనుడి పేరు మీద పైసా ఇవ్వనన్నాడు. అర్జునుడు నచ్చజెప్పబోయాడు, వినలేదు. ధర్మరాజు ఆయన్ని బలవంతపెట్టలేదు, నా ఇంట్లోంచీ అర్జునుడి ఇంట్లోంచీ ఎంత కావాలంటే అంత తీసుకోమని విదురుడితో కబురు పంపాడు. నాకు ఆ ఏర్పాటు చాలా నచ్చింది. ఇంట్లో ఒకరు సేవ చేస్తుంటే ఇంకొకరు ముఖం తిప్పుకుని కూర్చోవచ్చు, విషం పెట్టి గంగలో తోయించుకున్నదీ లక్క ఇంట్లోంచి అందర్నీ మోసుకొచ్చిందీ ఆయనే కదా, నవ్వుతూ పలకరించమని ఆయన్ని అడగడానికి ఎవరికి హక్కుంది?